పాల కూలర్ కంట్రోలర్: డీఎఫ్‌డీ నుంచి టాస్కుల దాకా ఏ వరుసలో?

పలమనేరు_పిల్లోడు:
అన్నలూ, చిత్తూరు పక్క ఊళ్ల పాల కేంద్రాల్లో ఉండే బల్క్ కూలర్‌కి కంట్రోలర్ చేస్తా ఉన్నాను. ఎస్‌టీఎం32ఎఫ్103 చిప్, డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్, కంప్రెసర్‌కి ఒకటి, పాలు కలిపే మోటారుకి ఒకటి కాంటాక్టర్లు (కరెంటు ఇచ్చి తీసే పెద్ద స్విచ్‌లు), ఫేజ్ ఉందో లేదో చిప్‌కి పల్సులతో చెప్పడానికి మూడు ఫేజులకీ ఆప్టోకప్లర్లు, ఐ2సీ ఎల్‌సీడీ, ఎస్ఎంఎస్‌కి జీఎస్ఎం మోడెమ్. పాలు 4 డిగ్రీలకు దిగితే కంప్రెసర్ ఆఫ్, 6 దాటితే ఆన్. ఆగినాక 3 నిమిషాల దాకా మళ్లీ ఎక్కకూడదు.

అంతా ఒకదాని తర్వాత ఒకటిగా తిరిగే ఒకే వైల్ లూప్, 2,400 లైన్లు అయింది. ఎస్ఎంఎస్ పోతా ఉన్నంతసేపు ఫేజ్ పోయినా కనిపెట్టదు. కాలేజీలో డీఎఫ్‌డీ (డేటా ఎటు నుంచి ఎటు పోతుందో చూపే బొమ్మ) అంటే లైబ్రరీ మేనేజ్‌మెంటే చెప్పినారు. రియల్‌టైమ్‌కి పద్ధతిగా డిజైన్ నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాల? నేరుగా ఫ్రీఆర్‌టీఓఎస్ (పనుల్ని విడి టాస్కులుగా నడిపే చిన్న ఆపరేటింగ్ సిస్టం) ఎక్కిస్తే సరిపోదా?

అలిపిరి_అంతరాయం:
సరిపోదు తమ్ముడూ. ఇప్పుడు ఒక లూప్‌లో ఉన్న చిక్కు ఐదు టాస్కుల్లోకి పాకుతుంది, అంతే. ముందు కాగితం తీసుకో.

మధ్యలో కంట్రోలర్ అని ఒక గుండ్రం, చుట్టూ బయటి వస్తువులు: సెన్సర్, ఫేజులు, కాంటాక్టర్లు, కీప్యాడ్, మోడెమ్. దీనికి పది నిమిషాలు చాలు. అసలు పని తర్వాతిది, ఈవెంట్ల పట్టిక. బయట ఏం జరుగుతుంది, దానికి మనం ఏం చేయాలి, ఎంతలోపు చేయాలి. ‘ఎంతలోపు’ గడి ఖాళీగా ఉంటే అది ఇంకా రియల్‌టైమ్ డిజైన్ కాలేదన్నట్టే. ఫేజ్ పోతే 200 మిల్లీసెకన్లలో కాంటాక్టర్ వదలాలి అని నువ్వు నిర్ణయిస్తే, కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సైకిల్ 20 మిల్లీసెకన్లు. వరుసగా మూడు పల్సులు రాలేదంటే 60లో ఖాయం చేసుకోవచ్చు. ఉష్ణోగ్రతకి 2 సెకన్లు ఆలస్యమైనా పాలకేం కాదు. ఎస్ఎంఎస్‌కి నిమిషం.

ఆ తర్వాతే డీఎఫ్‌డీ. లైబ్రరీ బొమ్మకీ దీనికీ తేడా ఏందంటే, వార్డ్–మెల్లర్ పద్ధతిలో డేటాకి నిండు గీత, కంట్రోల్‌కి చుక్కల గీత. ఆ చుక్కల గీతలన్నీ ఒక కంట్రోల్ గుండ్రంలోకి చేరతాయి. దాని లోపల ఉండేది స్టేట్ మెషీన్, అంటే కూలర్ ఏ స్థితిలో ఉంది, ఏం జరిగితే ఏ స్థితికి మారుతుంది అనేది: ‘విరామం’ (ఆ 3 నిమిషాల ఆగుడు), ‘సిద్ధం’, ‘చల్లబరచడం’, ‘ఫాల్ట్’.

దాన్ని బొమ్మగా కాకుండా పట్టికగా రాయి, అడ్డంగా ఈవెంట్లు, నిలువుగా స్టేట్లు. ప్రతి ఖాళీ గడీ ఒక ప్రశ్నే. ‘ఫాల్ట్’లో ఉండగా 6 డిగ్రీలు దాటితే? ‘విరామం’లో ఫేజ్ పోయి వస్తే? అందరూ తప్పేది ఒకటుంది: కరెంటు పోయి వచ్చాక ప్రోగ్రాం ‘సిద్ధం’తో మొదలవుతుంది. కంప్రెసర్ ఆగి ఎంతసేపయిందో చిప్‌కి తెలియదు కదా, అందుకే రీసెట్ కాగానే ‘విరామం’లోనే దిగాలి. మన పల్లెల్లో కరెంటు వచ్చిపోయే తీరుకి ఈ ఒక్క గడి కంప్రెసర్‌ని కాపాడుతుంది.

పుత్తూరు_పల్స్:
పైన చెప్పింది సరే, ఒక్క సవరణ. మోటారు తిరుగుతుండగా ఒక ఫేజ్ పోతే ఆ తీగలోకి మోటారే వోల్టేజీ వెనక్కి తోస్తుంది. ఆప్టోకప్లర్‌కి పల్సులు వస్తూనే ఉండొచ్చు. ఈవెంట్ల పట్టికలో ‘ఎలా తెలుస్తుంది’ అని ఇంకో వరుస పెట్టి, అక్కడ తీగలో పారే కరెంటుని కొలిచే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ అని రాసుకో.

టాస్కులుగా విడగొట్టడానికి గోమా 1984లో ఇచ్చిన డార్ట్స్ పద్ధతి చూడు. వేరే వేగంతో నడిచే పరికరానికి వేరే టాస్కు, ఎప్పుడూ కలిసి జరిగే పనులు ఒకే టాస్కులో. నీకు నాలుగు చాలు. ఫేజ్ కాపలా 10 మిల్లీసెకన్లకోసారి, పని 1 మిల్లీసెకను. కంట్రోల్ 100కి 20. డిస్‌ప్లే 250కి 50. చిప్ టైం వాడకం 0.1 + 0.2 + 0.2 = 0.5. లియు–లేలాండ్ 1973 లెక్కలో మూడు టాస్కులకి హద్దు 0.78, కాబట్టి ఇముడుతుంది, చిన్న పీరియడ్‌కి పెద్ద ప్రయారిటీ ఇస్తే. మోడెమ్ నాలుగోది, అన్నిటికన్నా కింద, మిగిలిన టైంలో. ఆ 1, 20, 50 అంకెలు ఊహించి వేయొద్దు: టాస్కు మొదట్లో ఒక పిన్ను పైకి, చివర కిందికి, ఆసిల్లోస్కోపులో కనిపించిన అతి పెద్ద వెడల్పు తీసుకో.

ఆ హద్దు టాస్కులు ఒకదానికోసం ఒకటి ఆగవనే షరతు మీద వచ్చింది. ఐ2సీ బస్సుని (ఎల్‌సీడీకి పోయే తీగలు) రెండు టాస్కులు పంచుకుంటే, ఒకసారికి ఒక్కదాన్నే వాడనిచ్చే తాళంగా మ్యూటెక్స్ పెట్టు, బైనరీ సెమాఫోర్ వద్దు. తాళం పట్టుకున్న చిన్న టాస్కుకి, దానికోసం ఆగిన పెద్ద టాస్కు ప్రయారిటీని కాసేపు ఇవ్వడం ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్. ఫ్రీఆర్‌టీఓఎస్‌లో అది మ్యూటెక్స్‌కే ఉంది. 1997లో మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద పదేపదే రీసెట్ అయింది ఇది ఆఫ్‌లో ఉన్నందుకే. ఫేజ్ టాస్కు మాత్రం ఆ బస్సు జోలికే పోకూడదు.

పలమనేరు_పిల్లోడు:
పట్టిక వేసినా అన్నా, పదకొండు గడులు ఖాళీ! ఒక సందేహం. డీఎస్18బీ20 కన్వర్షన్‌కి (ఉష్ణోగ్రతని అంకెగా మార్చడానికి) ప్రోగ్రాం 750 మిల్లీసెకన్లు ఆగతా ఉంది. కంట్రోల్ టాస్కు 100లో ఎట్ల ఇముడుతుంది?

అలిపిరి_అంతరాయం:
అక్కడ ఆగొద్దు. కంట్రోల్ టాస్కు ఒక వంతులో కన్వర్షన్ మొదలుపెట్టు, ఎనిమిది వంతుల తర్వాత, అంటే 800 మిల్లీసెకన్లకి, వచ్చి చదువు. మధ్యలో పాత విలువే వాడు. మోడెమ్‌కి కూడా ఇదే దారి: కమాండ్ పంపి వెళ్లిపో, జవాబు ఇంటరప్ట్‌లో బఫర్‌కి చేరుతుంది. ఈ రెండు చోట్లా ఆగి ఎదురుచూడటం తీసేస్తే 10 మిల్లీసెకన్ల టిక్కుతో నీ వైల్ లూప్ కూడా నడుస్తుంది, కంట్రోల్ పనినీ డిస్‌ప్లే రాతనీ టిక్కులో ఇమిడే ముక్కలు చేస్తే. ఆర్‌టీఓఎస్ కావాలో వద్దో అప్పుడు తేల్చుకో.

పుత్తూరు_పల్స్:
పెట్టుకుంటే మాత్రం పీరియడ్‌కి వీటాస్క్‌డిలే వాడకు, పని పట్టిన టైం కలిసి జారిపోతుంది, వీటాస్క్‌డిలేఅంటిల్ వాడు. స్టాక్ సైజు ఎస్‌టీఎం32లో బైట్లు కాదు, వర్డ్లు: 128 అంటే 512 బైట్లు. అంకెల్ని అక్షరాలుగా పేర్చే స్ప్రింట్ఎఫ్ ఉన్న డిస్‌ప్లే టాస్కుకి అది చాలదు.