మిర్చి యార్డులో రైతులతో మాట ఎలా కలపాలి? ప్రాజెక్టుకు సలహా కావాలి

నమస్కారం. గుంటూరులో ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. డిజైన్ థింకింగ్ కోర్సులో ఐదుగురం ఒక టీమ్. మిర్చి అమ్ముకోవడానికి యార్డుకు వచ్చే రైతుకు ఎదురయ్యే ఇబ్బందులను సర్వీస్ డిజైన్ పద్ధతిలో, అంటే సేవను మొదటి నుంచి చివరిదాకా వాడేవాళ్ల వైపు నుంచి చూసి మెరుగుపరిచే పద్ధతిలో, చూద్దామనుకున్నాం.

మొదటి వారంలోనే ఇద్దరు యాప్ స్క్రీన్లు గీసేశారు. సమస్యేంటో తెలియకుండా యాప్ ఎందుకని నా బాధ. మా నాన్నా మిర్చి రైతే. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించిన దగ్గర్నుంచి కాటా అయ్యేదాకా ఆయనకు నిద్ర ఉండదు. ఆ టెన్షన్ ముందు మా టీమ్‌కు అర్థం కావాలి.

నిన్న యార్డులో ఒక పెద్దాయన్ని అడిగితే "అంతా బాగానే ఉంది బాబూ" అని వెళ్లిపోయారు. పక్కనే కమీషన్ ఏజెంటు గుమాస్తా ఉన్నాడు, అందుకేనేమో. ఊరికెళ్లి, ఇంటి దగ్గర కూర్చుని అడగడం మంచిదా?

5 మందితో మాట్లాడితే చాలని మావాళ్లంటున్నారు. వెబ్‌సైట్లు వాడటానికి ఎంత సులువో పరీక్షించే నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో ఆ లెక్క చెప్పింది వెబ్‌సైట్ల పరీక్ష గురించి కదా! రైతుల కష్టం తెలుసుకోవడానికీ అది సరిపోతుందా?

ఇంకొకటి. మార్కెటింగ్ నిపుణురాలు లిన్ షోస్టాక్ 1984లో వివరించిన సర్వీస్ బ్లూప్రింట్‌లో (ఒక సేవలోని అడుగులన్నీ వరసగా చూపే పటం), వచ్చినవాళ్లకు కనిపించే పనికీ కనిపించని పనికీ మధ్య గీత ఉంటుంది. హమాలీల పని, కాటా రైతు కళ్లముందే జరుగుతాయి. ఏజెంటు రైతుతోనూ మాట్లాడతాడు, కొనేవాళ్లతోనూ మాట్లాడతాడు. ఆయన్ని గీతకు ఏ పక్క పెట్టాలి?

ఇలాంటి టీమ్ ప్రాజెక్టు చేసినవాళ్లు దయచేసి చెప్పండి. సోమవారం మళ్లీ యార్డుకు వెళ్తున్నాం.