1958 లండన్ ఆర్‌టీ బస్సుకు ఏ ఎరుపు? పెయింటు లెక్కా, ఫొటో లెక్కా?

కొత్తపిక్సెల్:
అందరికీ నమస్కారం. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో లండన్ ట్రాన్స్‌పోర్ట్ ఆర్‌టీ బస్సు (ఏఈసీ రీజెంట్ 3) చేస్తున్నాను. బాడీ అయిపోయింది. పొడవు 26 అడుగులు, వెడల్పు 7 అడుగుల 6 అంగుళాలు. 1958 నాటి ఎరుపు, రెండంతస్తుల మధ్య క్రీమ్ పట్టీ. రంగు దగ్గరే ఆగిపోయాను. 220, 36, 31 (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు) పెడితే ఆరెంజ్ కొడుతోంది. పాత స్లైడ్ల స్కాన్ల నుంచి ఐడ్రాపర్‌తో (ఫొటోలో ఒక చోటి రంగును తీసే పనిముట్టు) తీస్తే ఒక్కో ఫొటోలో ఒక్కో ఎరుపు వస్తోంది. మీరేది వాడతారు?

ఆఫ్‌సైడ్:
ఆ 220, 36, 31 ఈ మధ్యకాలపు లండన్ రవాణా సంస్థ ఎరుపు, అంటే ప్యాంటోన్ (రంగులకు నంబర్లిచ్చే పద్ధతి) 485. ప్యాంటోన్ పద్ధతి వచ్చిందే 1963లో. 1958 బండికి అది ప్రమాణం ఎలా అవుతుంది? బ్రిటిష్ రంగుల ప్రమాణ పట్టిక బీఎస్ 381సీలోని 538 కూడా వద్దు. అది పోస్టాఫీసు ఎరుపు. రెండూ ఎరుపే కదా అని పోస్టుపెట్టె రంగు తెచ్చి బస్సుకు పూయకూడదు.

పెయింటు నుంచే మొదలుపెట్టండి. పునరుద్ధరణకు విప్పిన బండిలో బీడింగు (ప్యానెళ్ల అతుకుల మీది సన్న పట్టీ) కింద, ఎండ తగలని చోట పాత పొర దొరుకుతుంది. దాన్ని కలర్ మీటర్‌తో కొలిస్తే ల్యాబ్ విలువలు (రంగును కొలిచి రాసే అంకెలు) వస్తాయి. అవి మామూలుగా డీ50 అనే ప్రామాణిక వెలుతురుకు ఉంటాయి, మన తెర తెలుపు మరో ప్రమాణం, డీ65. ఆ మార్పిడి చేయకుండా అంకెలు దించితే రంగు పసుపు వైపు జరుగుతుంది.

ఇక మీ ఆరెంజ్ సంగతి. తప్పు రంగులోనే కాదు, వెలుతురులో కూడా ఉంది. 'స్టాండర్డ్' వ్యూలో (రెండర్ రంగులను తెరకు మార్చే పద్ధతుల్లో ఒకటి) సూర్యుడి బలం పెంచితే ఎరుపు ఛానెల్ నిండిపోతుంది, ఆకుపచ్చ ఛానెల్ మాత్రం పైకి వస్తూనే ఉంటుంది. అదే ఆరెంజ్. బ్లెండర్ 4.0 నుంచి ముందే పెట్టి ఉండే 'ఏజీఎక్స్'లో అయితే అదే ఎరుపు వెలిసి గులాబీ వైపు పోతుంది. రంగు సరిచూడాలంటే ఒక చదునైన ప్లేన్‌కి ఎమిషన్ (సొంత వెలుగు) 1.0 ఇచ్చి, 'స్టాండర్డ్'లో, ఎక్స్‌పోజర్ సున్నాలో రెండర్ చేయండి. మీరు పెట్టిన అంకెలే తిరిగి రావాలి. వచ్చాకే లైటింగ్ జోలికి వెళ్ళండి.

రూఫ్‌బాక్స్:
బండి నంబరెంత? ఏ నెల?

పొగమంచు:
ఆఫ్‌సైడ్ గారూ, బీడింగు కింద రంగు ఎవరూ చూడని రంగు. 1952లో ఆ మహా పొగ కమ్మిన ఊరు అది. 1956లో గాలి శుభ్రత చట్టం వచ్చినా ఇళ్లలో బొగ్గు వెంటనే ఆగలేదు. ఆ మసిలో రోజూ తిరిగిన బస్సుకు డబ్బాలోంచి తీసిన రంగు వేస్తే బొమ్మలా ఉంటుంది.

కొత్తపిక్సెల్, ఫొటోలతోనే చేయవచ్చు, కాకపోతే ఒక్క ఫొటోతో కాదు. కోడాక్రోమ్ ఫిల్ము స్లైడ్లు మాత్రమే ఏరుకోండి, చీకట్లో దాచినవి రంగు బాగా నిలుపుకుంటాయి. పాత ఎక్టాక్రోమ్ ఫిల్ము వెలిసిపోయి మెజెంటాకు తిరుగుతుంది, దాన్ని పక్కన పెట్టేయండి. కోడాక్రోమ్‌ను మామూలు స్లైడ్ ప్రొఫైల్‌తో స్కాన్ చేస్తే నీలం కొడుతుంది, దానికి వేరే ప్రొఫైల్ కావాలి. తెలుపు సరిచేయడానికి క్రీమ్ పట్టీని ఎప్పుడూ ముట్టుకోవద్దు, ఎందుకంటే అది తెలుపు కాదు. 1951 నుంచి జీబ్రా క్రాసింగులు ఉన్నాయి, ఫ్రేములో అది పడితే దాని తెల్ల చారలు పనికొస్తాయి. మబ్బు పట్టిన రోజు ఫొటోలు, ఒకే సైడ్ ప్యానెల్, కనీసం ఎనిమిదో పదో తీసుకుని మధ్యస్థ విలువ చూడండి.

బ్లెండర్‌బాబు:
యూవీ (మోడల్ మీద టెక్స్‌చర్, అంటే రంగుల బొమ్మ, ఎలా పరుచుకోవాలో చెప్పే పటం) విషయం ఒకటి. ఎడమ, కుడి పక్కలు ఒకే టెక్స్‌చర్ మీద మిర్రర్ చేయకు తమ్ముడూ. వెనక ఎక్కే ప్లాట్‌ఫాం ఎడమ పక్కే, డ్రైవర్ క్యాబిన్ కుడి పక్కే. మిర్రర్ చేస్తే ప్రకటనల అక్షరాలు తిరగబడతాయి.

ఆఫ్‌సైడ్:
పొగమంచు గారూ, పది తప్పుల సగటు తీస్తే ఒప్పు రాదు. ఫిల్ముకు ఎరుపు పట్ల తన పక్షపాతం ఉంటుంది, అది పది ఫొటోల్లోనూ ఒకే వైపు ఉంటుంది. మబ్బు వెలుతురులో నీలం ఎక్కువ. మీ జీబ్రా చారల మీద టైర్ల నలుపు ఉంటుంది. తెలుపు కానిదాన్ని తెలుపు అనుకుని సరిచేస్తే ఎరుపు ఎటు పోతుందో మీకు తెలియదు.

పొగమంచు:
1972లో బ్రిటన్‌లో నేషనల్ బస్ కంపెనీ పాపీ రెడ్ తెచ్చింది. కొన్నేళ్లకే అది వెలిసి గులాబీకి తిరిగింది. అక్కడ డబ్బా రంగు పెట్టి 1978 వీధి అంటే అది అబద్ధం. ఆ వెలిసిన ఎరుపుతో చేసిన నా రీపెయింటును (బస్సు మోడల్‌కు వేసిన కొత్త రంగుల టెక్స్‌చర్) ఒక సైటు 'రంగు తప్పు' అని వెనక్కి పంపింది. రంగు డబ్బాలో ఎలా ఉందో చూసేవాళ్లకు రోడ్డు మీద బస్సు ఎలా ఉందో అక్కర్లేదు.

ఆఫ్‌సైడ్:
పాపీ రెడ్ వేరే పెయింటు, వేరే సంస్థ, పద్నాలుగేళ్ల తర్వాతి మాట. మీ రీపెయింటును వెనక్కి పంపారని 1958 లండన్ రంగు మారదు.

రూఫ్‌బాక్స్:
ఎరుపు మీద ఇంత రాశారు, బండి ఏదో ఇంకా ఎవరికీ తెలియదు. ఆర్‌టీల ఓవర్‌హాల్ (పూర్తి మరమ్మతు) లండన్ ట్రాన్స్‌పోర్ట్ వారి ఆల్డెన్‌హామ్ వర్క్స్‌లో జరిగేది. అక్కడ బాడీని ఛాసిస్ నుంచి విడదీస్తారు. తిరిగి బయటికి వచ్చేటప్పుడు అదే నంబరు కింద ఇంకో బాడీ ఉండవచ్చు. తొలి బాడీలకు ముందు పక్క కప్పు మీద రూట్ నంబరు పెట్టె ఉంటుంది, తర్వాతి వాటికి లేదు. పెట్టె ఉన్న పాత బాడీ కొత్త ఛాసిస్ మీదికి కూడా వచ్చింది. కాబట్టి నంబరుకు తోడు తేదీ లేకపోతే ఆకారమే తప్పుతుంది. ఓవర్‌హాల్ తేదీ తెలిస్తే పెయింటు వయసు కూడా తెలుస్తుంది, మీ ఇద్దరి గొడవలో సగం అక్కడే తేలుతుంది.

గమ్యం బోర్డుకు న్యూ జాన్‌స్టన్ ఫాంటు వాడకండి. లండన్ రవాణా అక్షరాలైన జాన్‌స్టన్‌ను 1979లో అలా మార్చారు, అక్షరాల మందం వేరు. ఫొటో మీద పెట్టి ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో గీసుకోవడమే మేలు.

చార్మినార్_పైఅంతస్తు:
సికింద్రాబాద్ నుంచి నడిచిన మన ఆర్టీసీ డబుల్ డెక్కర్ ఎవరైనా చేస్తున్నారా?

మోడరేటర్:
దానికి వేరే చర్చ తెరవండి, ఇక్కడ కలపొద్దు. మిగతావాళ్లు మనుషుల మీదికి వెళ్లకుండా మాట్లాడండి.

పొగమంచు:
పర్వాలేదు, సూటిగానే అడుగుతాను. ఆఫ్‌సైడ్ గారు నేను చేసిన ఏ బస్సు కిందైనా 'ఎరుపు తప్పు' అనే రాస్తారు. రెయిలు కింద బ్రష్షు అందని చోట మురికి, వెనక డోమ్ (కప్పు వంపు) మీద మసి, ప్లాట్‌ఫాం అంచున చెప్పుల అరుగుదల. అవి ఒక్కొక్కటీ చేత్తో వేశాను. వాటి గురించి ఒక్క మాట ఎప్పుడూ అనలేదు.

ఆఫ్‌సైడ్:
అనలేదు, అది నా తప్పే. మీ ప్లాట్‌ఫాం అంచు అరుగుదల నేను చూసిన వాటిలో అన్నిటికన్నా బాగుంది. నా బాధ వేరే. మీ ఫైలు తెరిస్తే ఒక్కటే పొర. పెయింటు, మసి, వెలిసిన రంగు, అంచుల్లో నీడ అన్నీ కలిపి చదును చేసి ఇస్తారు. రేపు ఎవరో నిజమైన పెయింటు పొర కొలిచి అంకెలు ఇచ్చారనుకోండి, మీ బస్సులో ఎరుపు ఒక్కటే మార్చడం ఎవరి వల్లా కాదు. మసి కూడా ఎర్రబడుతుంది. ఈ మోడళ్లు చూసే పదిహేనేళ్ల పిల్లవాడికి లండన్ ఎరుపు అంటే మీరు పెట్టిన ఎరుపే. అది ఊహో కొలతో తెలుసుకునే దారి ఉండాలి. మీరు ఏ రంగు పెట్టినా నేను ఊరుకుంటాను, విప్పి చూసే వీలుంటే చాలు.

పొగమంచు:
ఇది మొదటి పోస్టులోనే అనవచ్చు కదండీ.

పొరలు ఉంచితే 4096 పిక్సెళ్ల టెక్స్‌చర్లు మూడు నాలుగు అవుతాయి. ఆట ఇంజిన్లు అన్నీ మోయవు, అందుకే చదును చేశాను.

బ్లెండర్‌బాబు:
ఆటకు చదును చేసిన డీడీఎస్ (ఆటల టెక్స్‌చర్ ఫైలు) ఇవ్వు, పక్కనే పొరలున్న అసలు గింప్ ఫైలు పెట్టు. ఇద్దరికీ సరిపోతుంది. డీడీఎస్‌ని బీసీ1 అనే కుదింపు పద్ధతిలో సేవ్ చేయకు. అందులో 4×4 పిక్సెళ్ల గడికి రెండే అసలు రంగులు, ఎరుపుకు 5 బిట్లే. ఎరుపు, క్రీమ్ కలిసే గీత మీద మరకలు పడతాయి. బీసీ7 వాడు. బీసీ1 తప్పదంటే పట్టీ అంచు 4తో భాగించబడే పిక్సెల్ మీద పడేలా జరుపు. ఆర్‌టీ పక్క మొత్తం 4096లో పరిస్తే పిక్సెల్‌కు దాదాపు 1.9 మిల్లీమీటర్లు. బంగారు రంగు 'లండన్ ట్రాన్స్‌పోర్ట్' పేరు అందులో చక్కగా వస్తుంది, కింద ప్యానెల్ మీద యజమాని చిరునామా మాత్రం అలికేస్తుంది. దానికి వేరే చిన్న ప్లేన్ అతికించండి.

కొత్తపిక్సెల్:
ప్లేన్ పరీక్ష చేశాను. అంకెలు సరిగ్గా తిరిగి వచ్చాయి, సూర్యుడి బలం 8 ఉంది, అదే ముంచింది. పెయింటు, మసి, నీడ మూడు వేర్వేరు పొరలుగా పెడుతున్నా. పెయింటు పొరకు ప్రస్తుతానికి ఫొటోల మధ్యస్థ విలువ, పొర పేరులోనే 'అంచనా' అని రాశాను.

పొగమంచు:
మబ్బు ఫొటోలే వాడావుగా? ఎండవి కలిపితే పనికిరాదు. నా పాత బస్సులకు విడి పొరలు మిగల్లేదు. మూడు ఆర్‌టీలు, ఒక ఆర్‌టీడబ్ల్యూ (ఆర్‌టీలో వెడల్పు రకం) ఉన్నాయి, మసి మళ్లీ మొదటి నుంచి వేయాలి. ముందు ఆర్‌టీడబ్ల్యూ తీస్తాను. అది 8 అడుగుల వెడల్పు, దాని ముందు భాగం ఎలాగూ సరిచేయాలి.

ఆఫ్‌సైడ్:
ఆ మసి పొర విడిగా పెట్టాక నాకు పంపండి, ఛానెళ్లు నేను సర్దుతాను. జీబ్రా చారల మాట మాత్రం నేను ఒప్పుకోను.

రూఫ్‌బాక్స్:
కొత్తపిక్సెల్, స్క్రీన్‌షాట్ చూశాను. కప్పు మీద పెట్టె ఉంది. నంబరు, నెల చెప్పండి, ఆ బాడీ అప్పుడు ఆ నంబరు కింద ఉందో లేదో చూస్తాను.