బొబ్బిలి నుంచి విజయనగరం సర్వరులోని ఖాతాల నిర్వహణ: హోమ్ ఫోల్డర్లు, అన్‌లాక్ అనుమతిపై సందేహాలు

నమస్కారం. మా విద్యాసంస్థ డొమైన్ కంట్రోలరు (అందరి ఖాతాలనూ పాస్‌వర్డులనూ ఒకేచోట నిర్వహించే విండోస్ సర్వరు) విజయనగరంలో ఉంది. నేను బొబ్బిలి శాఖ నుంచి, వీపీఎన్ ద్వారా, విండోస్ 11 ప్రో ఉన్న నా డెస్క్‌టాప్‌లోనే విద్యార్థుల ఖాతాలను చూసుకోవాలి. ప్రతి చిన్న పనికీ రిమోట్ డెస్క్‌టాప్‌తో సర్వరులోకి ప్రవేశించడం సమంజసం కాదనిపించి, విండోస్ 10లోని 1809 వెర్షన్ నుంచి ఐచ్ఛిక ఫీచరుగా లభిస్తున్న ఆర్‌ఎస్‌ఏటీని (సర్వరును దూరం నుంచి నిర్వహించే సాధనాల సమితిని) పెట్టుకున్నాను.

అందులోని యూజర్స్ అండ్ కంప్యూటర్స్ కన్సోలులో ప్రొఫైల్ ట్యాబులో హోమ్ ఫోల్డరు (విద్యార్థి సొంత ఫైళ్లు దాచుకునే ఫోల్డరు) దారిని ఇస్తే, ఫోల్డరు దానంతట అదే ఏర్పడి, ఆ విద్యార్థికి అనుమతులు కూడా పడుతున్నాయి. అడ్మిషన్ల కాలంలో ఒక్కొక్కరినీ అలా చేర్చడం అయ్యే పని కాదు. అందుకని విద్యార్థుల జాబితా ఉన్న సీఎస్‌వీ ఫైలు నుంచి పవర్‌షెల్‌లో న్యూ-ఏడీయూజర్ ఆదేశంతో చేర్చినప్పుడు, ఖాతాలో దారి నమోదవుతోందే తప్ప సర్వరులో ఫోల్డరు పుట్టడం లేదు. స్క్రిప్టులోనే న్యూ-ఐటెమ్‌తో ఫోల్డరు సృష్టించి, ఫోల్డరు అనుమతులను మార్చే ఐకాక్ల్స్ ఆదేశంతో 'మోడిఫై' అనుమతి ఇవ్వడమే మార్గమా? అప్పుడే పుట్టిన ఖాతా పేరు ఖాతాల నకలు ఉండే రెండో కంట్రోలరుకు ఇంకా చేరకపోవచ్చు కనుక, పేరుకు బదులు ఎస్‌ఐడీ (ఖాతాకు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) వాడడం మేలా?

మరొకటి. విద్యార్థుల ఓయూ (వారి ఖాతాలను ఉంచిన విభాగం) మీద పాస్‌వర్డ్ మార్చే అధికారాన్ని డెలిగేషన్ విజార్డు ద్వారా మా సహోద్యోగినికి అప్పగించాను. ఆవిడ పాస్‌వర్డ్ మార్చగలుగుతున్నారు గాని, లాక్ అయిన ఖాతాను తెరవబోతే 'యాక్సెస్ ఈజ్ డినైడ్' అని వస్తోంది. ఖాతా లాక్ అయిన సమయాన్ని నమోదు చేసే లాకౌట్‌టైమ్ గుణాన్ని చదివే, రాసే అనుమతులు విడిగా ఇస్తే సరిపోతుందా? ఆవిడను డొమైన్ అంతటిపైనా పూర్తి అధికారం ఉండే డొమైన్ అడ్మిన్స్ బృందంలో చేర్చేయమని ఒకరు సలహా ఇచ్చారు. అది ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే అవుతుందని నా అభిప్రాయం. ఇలాంటి ఏర్పాటును నడుపుతున్నవారు తమ పద్ధతిని వివరించగలరని మనవి.