పికప్‌కి కంపెనీది కాని ఎయిర్ ఫిల్టర్, ఇంటేక్ కిట్: ఏది వేస్తే నిజంగా పనికొస్తుంది?

మట్టిరోడ్డు:

అందరికీ నమస్కారం. నాది 2.5 లీటర్ల టర్బో డీజిల్ పికప్, డబుల్ క్యాబ్. సగం తిరుగుడు తారు రోడ్డు మీద, మిగతా సగం మట్టి రోడ్ల మీద, అదీ ముందు లారీ పోతుంటే బానెట్ కూడా కనపడనంత దుమ్ములో. వెనక లోడు ఎప్పుడూ ఉంటుంది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఈ మధ్య ఆయాసపడుతోంది, కంపెనీ ఇచ్చిన కాగితం ఫిల్టరేమో చూస్తుండగానే నల్లబడిపోతోంది. అందుకని కడుక్కుని మళ్లీ వాడుకునే, నూనె పట్టించిన కాటన్ ఫిల్టర్ వేద్దామా, లేక బాక్స్ మొత్తం పీకేసి కోన్ ఫిల్టరూ లావు పైపూ ఉన్న ఇంటేక్ కిట్టే వేసేద్దామా అని ఆలోచిస్తున్నా. వీడియోల్లో ఎవరిని చూసినా పవర్ పెరిగింది, మైలేజీ పెరిగింది అంటున్నారు. నా బండికి రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని సెట్టింగులు మార్చడం) లేదు, చేయించే ఉద్దేశం కూడా లేదు. ఇంజిన్ పది కాలాలు ఉండాలి, లోడు మీద కాస్త లాగాలి, అంతే. ఈ రెండూ ఒక్క ఫిల్టర్‌తో అవుతాయా? వాడినవాళ్లు చెప్పండి.

పానా:

తమ్ముడూ, నేను పికప్‌ల పనే చేస్తుంటాను. రీమ్యాప్ లేదు అన్నావు కాబట్టి సగం జవాబు అక్కడే ఉంది. పెట్రోల్ ఇంజిన్‌లో లోపలికి వెళ్లిన గాలిని బట్టి పెట్రోలు కలుస్తుంది. డీజిల్ లెక్క వేరు. ఎంత డీజిల్ కొట్టాలో, ఎక్కడ ఆపాలో ఈసీయూలో, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో, రాసిపెట్టి ఉంటుంది, గాలి మామూలుగా అవసరానికి మించే వెళ్తుంది. నువ్వు ఇంకొంచెం గాలి పంపావని అది ఎక్కువ డీజిల్ కొట్టదు, పవర్ రాదు. పైగా ఇప్పటి టర్బో బళ్లలో ఫిల్టర్ దగ్గర కొద్దిగా అడ్డు తగిలినా ఈసీయూ టర్బోని ఇంకాస్త తిప్పి కావాల్సిన బూస్ట్ (టర్బో పెంచే గాలి ఒత్తిడి) తెచ్చేసుకుంటుంది. ఫిల్టర్ బాగా మూసుకుపోతేనే నీకు తేడా తెలిసేది.

మరి వాళ్లంతా పెరిగింది అంటున్నారేమిటి అంటావా, చప్పుడు మారుతుంది. కంపెనీ బాక్సులో, పైపులో చప్పుడు మింగేయడానికే కట్టిన గదులుంటాయి, అవి తీసేస్తే టర్బో ఈల నేరుగా క్యాబిన్‌లోకి వినపడుతుంది, బండి ఎగురుతున్నట్టే అనిపిస్తుంది.

నాకు నీ విషయంలో భయం పవర్ గురించి కాదు, దుమ్ము గురించి. 2.5 లీటర్ల ఇంజిన్ 3000 ఆర్‌పీఎం దగ్గర టర్బో లేకపోయినా నిమిషానికి దాదాపు 3,750 లీటర్ల గాలి లాగుతుంది. 1 బార్ బూస్ట్ ఉంటే ఇంచుమించు దానికి రెట్టింపు. ఆ గాలిలో నువ్వు చెప్పిన లారీ దుమ్ము అంతా ఉంటుంది. ఇప్పుడు ఒక ఫిల్టర్ 99 శాతం దుమ్ము పడుతుంది, ఇంకోటి 98 శాతం అనుకో. వినడానికి ఒక్క శాతమే కదా అనిపిస్తుంది. ఇంజిన్ వైపు నుంచి చూడు: మొదటిది నూటికి 1 వంతు వదిలితే రెండోది 2 వంతులు వదిలింది, అంటే లోపలికి పోయే మట్టి రెట్టింపు. 99.5కీ 97కీ మధ్య అయితే ఆరు రెట్లు. ఆ మట్టి ముందు టర్బో రెక్కల అంచులు అరగదీస్తుంది, తర్వాత పిస్టన్ రింగులు, లైనర్లు. బండి ఒక్కరోజులో ఆగిపోదు కాబట్టి ఎవరూ ఫిల్టర్‌ని అనుమానించరు, ఆయిల్ తాగడం మొదలయ్యాక వస్తారు.

కాబట్టి ఏ ఫిల్టర్ కొన్నా డబ్బా మీద ఎంత గాలి పంపుతుందో ఒక్కటే చూడకు. ఎయిర్ ఫిల్టర్ల పరీక్షకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 5011 పద్ధతిలో పరీక్షించారా, ఎంత శాతం పట్టింది, ఎంత దుమ్ము నింపుకున్నాక మూసుకుపోయింది, ఈ మూడూ చెప్పే కంపెనీదైతేనే తీసుకో. గాలి సంగతి పెద్దక్షరాల్లో వేసి పట్టే శాతం ఊసెత్తని డబ్బా నీలాంటి రోడ్లకు వద్దు.

ఎర్రబండి:

పానా అన్నా, డీజిల్ మాటతో ఒప్పుకుంటా, కానీ కాటన్ ఫిల్టర్‌ని మొత్తంగా తీసిపారేయొద్దు. నాది పెట్రోల్ పికప్, ఎక్కువగా హైవేలే. కాటన్ ఫిల్టర్ వేసి చాలా కాలం అయింది, ఏ ఇబ్బందీ లేదు. అయితే దాన్ని చూసుకునే ఓపిక ఉండాలి. దాని సొంత క్లీనర్ కొట్టి, తక్కువ ఒత్తిడి నీళ్లతో లోపలి నుంచి బయటికి కడగాలి, నీడలో దానంతట అదే ఆరాలి, తడి మిగిలి ఉండగా నూనె పట్టించకూడదు, కంప్రెసర్ గాలి కొడితే కాటన్ పోగులు విడిపోతాయి. నూనె ప్రతి మడతకీ సన్నగా ఒక్కసారి, తర్వాత అది పాకేదాకా ఆగి, రంగు పట్టని చోట్ల మాత్రం ఇంకొంచెం. చాలామంది ఇక్కడే చెయ్యి జారవిడుస్తారు, కారేలా పోసేస్తారు. ఆ నూనె గాలితో పాటు వెళ్లి, లోపలికి పోయే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ తీగ మీద పేరుకుంటుంది, దాని మీద దుమ్ము అతుక్కుంటుంది, సెన్సర్ వచ్చే గాలిని తప్పు చెబుతుంది. ఆ సెన్సర్ లెక్క తేడాగా ఉందని ఈసీయూ చూపే పీ0101 కోడ్ పడటానికి అదొక కారణం. అప్పుడు ఆ సెన్సర్ కోసమే అమ్మే స్ప్రేతో కడగాలి, కార్బ్యురేటర్ స్ప్రే కొట్టొద్దు, గుడ్డతో అసలు తుడవొద్దు.

మట్టి రోడ్డు మీద రోజూ తిరిగే బండికైతే ఈ కడుగుడు మరీ తరచుగా వస్తుంది, ఆరేదాకా బండి నిలబెట్టాలి. మట్టిరోడ్డు గారూ, మీకు నూనె లేని సింథటిక్ ఫిల్టర్ నయం అనిపిస్తోంది, బాక్సులో సరిగ్గా కూర్చునేది దొరికితే.

కొండదారి:

ఇంటేక్ కిట్ గురించి ఎవరూ వివరంగా రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. కిట్లు రెండు రకాలు. బానెట్ కింద కోన్ ఫిల్టర్‌ని అలాగే వదిలేసేవి ఒకటి, మూత ఉన్న బాక్సుతో వచ్చేవి రెండోది. మొదటి రకం జోలికి పోవద్దు. కంపెనీ పైపు ఎక్కడ మొదలవుతుందో బానెట్ ఎత్తి చూడండి, ఫెండర్‌లోంచో గ్రిల్ వెనక నుంచో బయటి చల్లగాలి లాగేలా పెట్టి ఉంటారు. దాన్ని పీకేసి రేడియేటర్ వెనక వేడిగాలి తాగించడం ఏం లాభం? గాలి సుమారు 3 డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత 1 శాతం దాకా తగ్గుతుంది, బానెట్ కింద ఆ తేడా 3 డిగ్రీలతో ఆగదు. టర్బో నుంచి వచ్చే వేడిగాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ కొంత సర్దుతుంది నిజమే, కానీ లోడుతో నెమ్మదిగా ఎత్తు ఎక్కేటప్పుడు దానికీ ఎదురుగాలి సరిగ్గా అందదు. ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ రీడింగులు చూపే పరికరం) పెట్టి ఎత్తు మీద ఇంటేక్ ఎయిర్ టెంపరేచర్ చూడండి, బయటి వేడికి ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది, కాకపోతే మీ సెన్సర్ ఇంటర్‌కూలర్‌కి ముందుందా వెనకుందా అన్నది ముందు కనుక్కోండి.

ఇంకో సంగతి, మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ కూర్చునే పైపు వ్యాసం. ఈసీయూ లెక్కంతా కంపెనీ పైపు కొలత మీద కట్టింది. పైపు లావైతే అంతే గాలి మెల్లగా పోతుంది, సెన్సర్ తక్కువ చెబుతుంది. పెట్రోల్ బండిలో ఇంధనం లెక్క తప్పుతుంది, డీజిల్‌లో ఈజీఆర్ (పొగను కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు) తప్పుడు లెక్కతో తెరుచుకుంటుంది, నల్లపొగ రాకుండా ఈసీయూ పెట్టుకున్న పరిమితి ముందే పడి డీజిల్ తగ్గించొచ్చు కూడా. పవర్ కోసం పెట్టిన కిట్ వల్ల బండి ఇంకా మొద్దుబారడం ఇలాగే జరుగుతుంది.

దుమ్ముకి మందు నా దృష్టిలో స్నార్కెల్, అంటే బండి పక్కనుంచి పైకి నిలబెట్టే గాలి పైపు. గాలి పై కప్పు ఎత్తు నుంచి వస్తే అక్కడ దుమ్ము చక్రాల దగ్గర ఉన్నంత ఉండదు, దాని నెత్తిన సుడి తిరిగే ప్రీక్లీనర్ పెడితే ముతక మట్టి ఫిల్టర్ దాకా రాకుండానే బయటికి పోతుంది. జాయింట్లన్నీ సీల్ చేసి బిగించాలి. వాగులు దాటే పని కూడా ఉంటే తప్పకుండా పెట్టించుకోవాల్సింది అదే, నీళ్లు సిలిండర్‌లోకి పోతే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి.

మట్టిరోడ్డు:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. కోన్ కిట్ ఆలోచన మానేశా. పానా అన్నా, ఒక డౌట్. ఫిల్టర్ నల్లగా కనిపిస్తే మార్చేయాలా? నేను మధ్యమధ్యలో తీసి కంప్రెసర్‌తో గాలి కొట్టిస్తున్నా. ఇంకోటి, ఇప్పుడే వెళ్లి బాక్స్ కింద చెయ్యి పెట్టి చూశా, అడుగున ఒక గుండ్రటి కన్నం ఉంది, దానికి ఏదో ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. అది అలాగే ఉంటుందా?

పానా:

తమ్ముడూ, ఆ కన్నం అలా ఉండకూడదు. అక్కడ బాతు ముక్కులా నోరు మూసుకుని ఉండే రబ్బరు వాల్వు ఉంటుంది, లోపల పడ్డ ముతక దుమ్మూ నీళ్లూ దాంట్లోంచి రాలిపోతాయి, బయటి దుమ్ము లోపలికి రాదు. అది ఊడిపోయిందంటే నీ బాక్స్ పైనుంచి వచ్చే గాలితో పాటు చక్రం లేపిన మట్టిని నేరుగా లాగుతోంది. ఫిల్టర్ అంత త్వరగా నల్లబడటానికి నాకైతే ముందు అదే కారణంగా కనిపిస్తోంది. కొత్త ఫిల్టర్ కొనే ముందు ఆ రబ్బరు ముక్క వేయించు.

కాగితం ఫిల్టర్‌కి గాలి కొట్టించడం ఇవాళ్టితో ఆపేయ్. కంటికి కనపడని చిల్లులు పడతాయి. పైగా ఊరికే బాక్స్ తెరిచిన ప్రతిసారీ కొంత మట్టి శుభ్రంగా ఉండాల్సిన వైపు రాలుతుంది. రంగు చూసి మార్చకు, కొంచెం దుమ్ము పట్టిన ఫిల్టర్ కొత్తదాని కంటే బాగా వడకడుతుంది. ఫిల్టర్ తర్వాత పైపుకి ఫిల్టర్ గాలిని ఎంత అడ్డుతోందో చూపే ఒక రెస్ట్రిక్షన్ గేజు పెట్టించు. చిన్నదే, లోపలి గుర్తు ఎంత దాకా లాగిందో అక్కడే నిలబడిపోతుంది. చాలావాటిలో ఎర్ర గీత 25 అంగుళాల నీటి మట్టం (గాలి లాగుడు ఒత్తిడికి కొలత) దగ్గర ఉంటుంది, నీ మాన్యువల్‌లో వేరే హద్దు ఉంటే అదే లెక్క. అక్కడికి చేరితే మార్చు, చేరకపోతే సర్వీసు గడువు దాకా ముట్టుకోకు.

ఫిల్టర్ తర్వాతి పైపు విప్పి లోపల తెల్ల గుడ్డతో ఒకసారి తుడువు. మొన్న ఒక పికప్ వచ్చింది, అందులో ఇలాగే తుడిస్తే గుడ్డకి ఒకే పక్క బూడిద రంగు చార వచ్చింది. చార ఎటు ఉందో చూసి బాక్స్ అంచు వెతికితే ఒక మూల క్లిప్పు పూర్తిగా పడలేదు, ఫిల్టర్ రబ్బరు అంచు అక్కడ మడతపడి ఉంది. ఫిల్టర్ మంచిదే, గాలి దాని పక్క నుంచి పోతోంది. ఖరీదైన ఫిల్టర్ వేసినా అక్కడ అంతే. అందుకే కొత్తది పెట్టేటప్పుడు రబ్బరు అంచు మీద పల్చగా గ్రీజు రాసి, నాలుగు పక్కలా వేలితో తడిమి చూసి, క్లిప్పులన్నీ టక్కుమన్నాకే వదులు.

ఇక ఎత్తు మీద లాగకపోవడానికి ఎయిర్ ఫిల్టర్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఇంటర్‌కూలర్ హోసుల క్లాంపుల దగ్గర కొత్తగా నూనె తడి, పగుళ్లు ఉన్నాయేమో చూడు, బూస్ట్ అక్కడ లీకవుతుంది. డీజిల్ ఫిల్టర్ గడువు దాటిందేమో చూడు. వాల్వు, గేజు వేయించాక అదే ఎత్తు అదే లోడుతో ఫుల్ యాక్సిలరేటర్ మీద ఎక్కి, గేజు ఎంత చూపించిందో, ఏ గేరులో ఎక్కావో ఇక్కడ రాయి. 10 అంగుళాల లోపే ఉంటే ఫిల్టర్ వదిలేసి బూస్ట్ వైపు వెతుకుదాం.