వృద్ధుల హక్కుల కోసం చిన్న పార్టీ పెట్టాలంటే: వరంగల్ వాళ్ల ప్రశ్నలు, జవాబులు

నక్కలగుట్ట మలుపు:
అందరికీ నమస్తే. హన్మకొండ, కాజీపేట, వరంగల్ కలిపి పెద్ద వయసు వాళ్ల సమస్యలే ఎజెండాగా ఒక చిన్న పార్టీ పెట్టాలన్న ఆలోచన నడుస్తోంది. రిటైర్డ్ టీచర్లు, రైల్వే వాళ్లు, బీడీలు చుట్టే అమ్మలు, ఆసరా పింఛన్‌దారులు ఇందులో ఉన్నారు. పెద్దవాళ్ల సంఘాలున్నాయి కదా అంటారేమో. సంఘం వినతిపత్రం ఇస్తే తీసుకుని, ఫొటో దిగి, చాయ్ తాగించి పంపిస్తారు, అంతే. రిజిస్ట్రేషన్‌కు ఎంతమంది కావాలి, ఖర్చెంత, ఎక్కడ తిరగ్గొడతారు? రిటైర్డ్ ఉద్యోగులు చేరొచ్చా? అందరికీ ఒకే గుర్తు దొరుకుతుందా? అసలు ఇది పనికొచ్చే పనేనా? తెలిసినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

ముసాయిదా మాస్టారు:
రిజిస్ట్రేషన్ ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 29ఎ సెక్షన్ కింద జరుగుతుంది. దరఖాస్తు వెళ్లేది ఢిల్లీలోని కేంద్ర ఎన్నికల సంఘానికి, కలెక్టరేట్‌కు కాదు. అందరూ తప్పేది గడువు దగ్గర. పార్టీ ఏర్పడిందని తీర్మానం రాసుకున్న రోజు నుంచి 30 రోజుల్లో దరఖాస్తు అక్కడికి చేరాలి. అందుకే కాగితాలన్నీ సిద్ధమయ్యాకే ఆవిర్భావ సభ పెట్టుకోండి. ముందు సభ, దండలు, పేపర్లో వార్త, తర్వాత అఫిడవిట్లు అనుకుంటే నెల ఇట్టే దాటిపోతుంది.

ఫీజు 10,000 రూపాయలు, డీడీ రూపంలో. తిరిగి రాదు. కనీసం 100 మంది సభ్యులుండాలి, అందరూ ఓటర్లై ఉండాలి. మరే రిజిస్టర్డ్ పార్టీలోనూ సభ్యత్వం లేదని ఒక్కొక్కరు విడిగా అఫిడవిట్ ఇవ్వాలి. పెద్దవాళ్ల పార్టీకి ఇక్కడే చిక్కు. మిస్డ్ కాల్ ఇచ్చో, మనవడు ఫోన్‌లో నొక్కితేనో ఏదో ఒక పార్టీ జాబితాలో పేరు ఎక్కి ఉంటుంది, ఆ సంగతి వాళ్లకే గుర్తుండదు. ముందు అడిగి, ఉంటే రాజీనామా రాయించి, ఆ నకలు దగ్గర పెట్టుకోండి. రెండో చిక్కు ఓటరు జాబితా. ఊళ్లో ఒక ఓటు, కొడుకు ఇంటి దగ్గర హన్మకొండలో ఒక ఓటు ఉన్నవాళ్లు చాలామంది. అఫిడవిట్‌లోని పేరు, ఇంటి నంబరు తాజా జాబితాతో అక్షరం తేడా లేకుండా కలవాలి. సరిగ్గా వందమందితో ఆగకుండా 120, 130 మందిని సిద్ధం చేసుకుంటే నలుగురు జారిపోయినా ఇబ్బంది ఉండదు.

పార్టీ నియమావళిలో రాజ్యాంగం పట్ల విధేయత, సామ్యవాదం, లౌకికవాదం, ప్రజాస్వామ్యం, దేశ సార్వభౌమత్వం, ఐక్యత, సమగ్రత గురించిన వాక్యం చట్టంలోని మాటలతోనే ఉండాలి, సొంత కవిత్వం వద్దు. ఐదేళ్లలోపు ఎన్నికల సంఘం జరిపే ఏదో ఒక ఎన్నికలో పోటీ చేస్తామనీ రాయాలి. పేరులో కులం, మతం ధ్వనించకూడదు, ఉన్న పార్టీ పేరుకు దగ్గరగా కూడా ఉండకూడదు. ఎన్నికల సంఘం సరేనన్నాక రెండు జాతీయ, రెండు స్థానిక దినపత్రికల్లో రెండు రోజులు ప్రకటన ఇవ్వాలి. అభ్యంతరాలకు 30 రోజులు. ఆ ప్రకటనల బిల్లు ముందు డీడీ ఎంత? డబ్బు దీనికే దాచండి.

రిటైర్డ్ ఉద్యోగులు నిరభ్యంతరంగా చేరొచ్చు, నిషేధం సర్వీసులో ఉన్నవాళ్లకే. రిటైరయ్యాక మళ్లీ కాంట్రాక్టు మీద ప్రభుత్వ ఆఫీసులో చేస్తున్నవాళ్లను మాత్రం ఈ జాబితాలో పెట్టకండి.

డిపాజిట్ లెక్కలు:
ఇక ఓట్ల సంగతి. ఇజ్రాయెల్‌లో గిల్ అనే పింఛనర్ల పార్టీ 2006లో 7 సీట్లు గెలిచింది. అక్కడ దేశమంతా ఒకే నియోజకవర్గం, 120 సీట్లు, అప్పట్లో 2 శాతం ఓట్లు దాటితే చాలు. చెల్లాచెదురుగా ఉన్న ముసలివాళ్ల ఓట్లన్నీ ఒకే కుప్పలో పడతాయి. అంత వచ్చిన పార్టీకే 2009లో ఒక్క సీటూ రాలేదు. మన దగ్గర నియోజకవర్గంలో ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లదే సీటు. వృద్ధులు ప్రతి వీధిలోనూ ఉంటారు, ఏ వీధిలోనూ మెజారిటీ ఉండరు. అందుకని మొదటి అసెంబ్లీ ఎన్నికలో గెలుపు మాట పక్కన పెట్టి, పార్టీ బతకడానికి ఏం కావాలో చూడండి.

మీ అభ్యర్థులందరికీ ఒకే ఉమ్మడి గుర్తు కావాలంటే రాష్ట్ర అసెంబ్లీ సీట్లలో 5 శాతానికైనా పోటీ చేయాలి. తెలంగాణలో 119 కాబట్టి 6. వరంగల్ పశ్చిమ, వరంగల్ తూర్పు, పరకాల, నర్సంపేట, వర్ధన్నపేట, స్టేషన్ ఘన్‌పూర్ తీసుకుంటే సరిపోతాయి, ప్రచారానికి రోజూ ఇంటికి తిరిగి రావొచ్చు. మొదటి నాలుగు జనరల్, డిపాజిట్ 10,000 చొప్పున. చివరి రెండూ ఎస్సీ రిజర్వుడు కాబట్టి 5,000 చొప్పున. మొత్తం 50,000. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే డిపాజిట్ వెనక్కి వస్తుంది, అంటే లక్షా యాభై వేలు పోలైతే 25,000 పైన. ఆ యాభై వేలు పోయినట్టే లెక్క రాసుకోండి.

రిజిస్ట్రేషన్ వేరు, గుర్తింపు వేరు. తగినన్ని ఓట్లో సీట్లో తెచ్చుకుని గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి నామినేషన్‌ను ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, మీకు పదిమంది కావాలి. పదిమందీ ఆ నియోజకవర్గ ఓటర్లే అయ్యుండాలి. హన్మకొండ అనగానే వరంగల్ పశ్చిమ అనుకోకండి. హసన్‌పర్తి వర్ధన్నపేట కిందికి వస్తుంది. ఒక్క సంతకం పక్క నియోజకవర్గం వాళ్లదైతే లెక్క తొమ్మిదికి పడి నామినేషన్ పోతుంది. మీ పార్టీ అభ్యర్థి ఫలానా అని పార్టీ తెలిపే ఫారం ఎ, ఫారం బి సిరా సంతకంతో నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు అందాలి, రబ్బరు స్టాంపు సంతకం చెల్లదు. అవి అందకపోతే మీ మనిషి స్వతంత్రుడైపోతాడు, గుర్తు చేజారుతుంది.

ఓడినా పని అయిపోదు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో అభ్యర్థి ఖర్చు లెక్క ఇవ్వాలి, ఇవ్వకపోతే మూడేళ్ల అనర్హత పడొచ్చు. పార్టీ ఏటా ఆడిట్ లెక్కలు, 20,000 దాటిన విరాళాల వివరాలు ఫారం 24ఎలో పంపాలి. 2,000 దాటిన విరాళం నగదుగా తీసుకుంటే పన్ను మినహాయింపు పోతుంది. ఇంకొకటి, ఆరేళ్లుగా ఏ ఎన్నికలోనూ నిలబడని పార్టీలను 2025 ఆగస్టులో 334, సెప్టెంబరులో 474 జాబితా నుంచి తీసేశారు. బోర్డు కట్టి కూర్చుంటే కుదరదు.

జనగామ ప్యాసింజర్:
అన్నా, మ్యానిఫెస్టోల 'పింఛన్ పదివేలు' అని రాసుడు అలకనే. ఎవరి ఖజానా నుంచి వస్తదో రాయకుంటే పెద్ద పార్టీలకు, మీకు తేడా ఏముంటది? పేద వృద్ధులకు కేంద్రం ఇచ్చే వాటా 60 నుంచి 79 ఏండ్ల దాక నెలకు 200, 80 నిండితే 500. ఏండ్ల సంది అది పెరుగుతలేదు. మిగిలింది రాష్ట్రం కలుపుతది. ఆసరా 2014 నవంబర్ల వెయ్యితోని మొదలై 2019ల 2,016 అయింది. 2023 ఎన్నికలల్ల కాంగ్రెస్ 4,000 అన్నది. ఆ నాలుగు వేలు అడుగుడు హైదరాబాద్‌ల, ఆ రెండు వందలు పెంచుమనుడు ఢిల్లీల. రెండు ఒకే కాగితం మీద రాస్తే, ఎవలకిచ్చినా 'మా పరిధి కాదు' అని పక్కకు పెడతరు. ఇంట్ల ముసలాయన, ముసలామె ఇద్దరుంటే ఒక్కరికే వృద్ధాప్య పింఛన్ అనే నిబంధన ఉన్నది చూడుండ్రి, నన్నడిగితే మొట్టమొదటి డిమాండ్ అదే కావాలె. దానికి జనం ఇంటింట్ల దొరుకుతరు.

రైలు రాయితీ గూడ గట్లనే. మొగోళ్లకు 60 నిండితే 40 శాతం, ఆడోళ్లకు 58 నిండితే 50 శాతం ఉండె. 2020 మార్చి 20 నుంచి ఆపిండ్రు. కాజీపేట జంక్షన్ ముంగట కూసుంటే ఫొటో వస్తది గని, అది తేల్చేది ఢిల్లీల. స్టేషన్ల లిఫ్టు, ర్యాంపు, ప్లాట్‌ఫారం మీద కూసునే బల్ల, నీళ్లు, ఇవి సికింద్రాబాద్ డివిజన్ చేతుల ఉంటయి. ఇవి వేరే కాగితం. ఇవే ముందుగాల సాధించుండ్రి, జనానికి కండ్లకు కనవడ్తయి.

బస్సు సంగతి రాసేటప్పుడు పైలం. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు ఫ్రీ, 75 ఏండ్ల ముసలాయన మాత్రం టికెట్ కొనాలె. మొగ వృద్ధులకు గూడ ఇయ్యాలె అని రాయుండ్రి, ఆడోళ్లకు ఎందుకిచ్చిండ్రు అని రాయకుండ్రి. సగం ఓట్లు ఒక్క వాక్యంల పోతయి.

ఇంకో ముచ్చట. కత్తెరతోని తునికాకు కోసి కోసి బీడీలు చుట్టినోళ్ల బొటనవేలు నున్నగైతది. పింఛన్ కాడ మిషన్ మీద పెడితే ముద్ర పడది. మళ్ల తుడుసుడు, మళ్ల పెట్టుడు, ఆఖరికి రేపు రా అనుడు. వేలు పడకుంటే ఏం చేయాలె, ఎవలను కలవాలె అన్నది పింఛన్ ఇచ్చే ప్రతి తావుల గోడ మీద తెలుగుల రాసి పెట్టాలె. దీనికి బడ్జెట్ గూడ అక్కర్లేదు.

నక్కలగుట్ట మలుపు:
చాలా ఉపయోగం సార్లూ. రెండు సందేహాలు. మా పెద్దవాళ్ల సంఘం డబ్బు, ఆఫీసు గది పార్టీకి వాడుకోవచ్చా? పోలింగ్ రోజు నడవలేనివాళ్లకు ఆటోలు పెట్టొచ్చా?

ముసాయిదా మాస్టారు:
మొదటిదానికి సంఘం బైలాస్ (నియమావళి) చూడండి. రాజకీయాలకు అతీతం అన్న మాట చాలా సంఘాల్లో ఉంటుంది. అది ఉన్నాక సంఘం సొమ్ము పార్టీకి మళ్లిస్తే సొంత సభ్యుడే ఫిర్యాదు చేస్తాడు. పార్టీకి వేరే బ్యాంకు ఖాతా, వేరే రసీదు పుస్తకం, వేరే గది. గది అద్దెదైతే యజమాని సమ్మతి పత్రం రాయించి ఉంచుకోండి.

రెండోది అసలు చేయకండి. ఓటర్లను ఉచితంగా తీసుకెళ్లడానికి అభ్యర్థి వాహనం పెట్టడం ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123(5) సెక్షన్ కింద అవినీతి చర్య. గెలిచినా ఆ గెలుపు కోర్టులో పోతుంది. మంచి మనసుతో చేశాం అంటే వినరు. ప్రచారంలో కళ్లద్దాలు, చేతికర్రలు పంచడం లంచం కిందికే వస్తుంది.

డిపాజిట్ లెక్కలు:
దానికి చట్టబద్ధమైన దారి ఇంటి దగ్గర ఓటు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో 80 దాటినవాళ్లకు ఉండేది, 2024లో 85కు పెంచారు. 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లకు వయసుతో పనిలేదు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లో దీనికి దరఖాస్తు, ఫారం 12డి, ఇవ్వాలి. ఆ ఐదు రోజులు చిన్న పార్టీలన్నీ నామినేషన్ల హడావిడిలో ఉంటాయి, అందుకే చేజారుతుంది. ఇద్దరు ముగ్గుర్ని ఈ ఒక్క పనికే కేటాయించండి. ఎవరెవరికి 85 నిండాయో జాబితా ముందే రాసి పెట్టుకుంటే బీఎల్వో (బూత్ స్థాయి ఎన్నికల అధికారి) వెంట పడడం సులువు. దరఖాస్తు ఆమోదించాక బూత్‌లో ఓటు వేయనివ్వరు, ఆ సంగతి కుటుంబానికి ముందే చెప్పాలి. 80కీ 85కీ మధ్యలో ఉండి ఈ మార్పుతో అవకాశం పోయినవాళ్లున్నారు చూడండి, ఆ వయసు మళ్లీ 80కి దించాలన్నది మీ పార్టీకి ఇంకెవరూ పోటీ రాని డిమాండ్.

బూత్‌కు వచ్చి, చూపు ఆనకో ఒంట్లో సత్తువ లేకో సొంతంగా మీట నొక్కలేనివాళ్లు 18 నిండిన ఒక తోడును లోపలికి తీసుకెళ్లొచ్చు. ఒక మనిషి ఆ రోజు ఒక్క ఓటరుకే తోడు వెళ్లాలి. మీ కార్యకర్త ఒకడే వాడకట్టులోని ముసలివాళ్లందరికీ తోడు వస్తానంటే రెండోసారికే ప్రిసైడింగ్ ఆఫీసర్ ఆపేస్తాడు. ఎవరింటి మనిషిని వాళ్లింటి నుంచే పంపించుకోమనండి.