జీపీఎస్ సింక్ ఉన్న రేడియోలా, మామూలు రేడియోలా: చిన్న వైర్‌లెస్ ఇంటర్నెట్ ఆపరేటరు ఏది కొనాలి?

చెరువుగట్టు

భీమవరం చుట్టుపక్కల మూడు టవర్ల మీద 180 కనెక్షన్లు నడుపుతున్నాను. సగానికి పైగా చేపల, రొయ్యల చెరువుల గట్ల మీది కాపలా షెడ్లకు సీసీ కెమెరాల కోసం ఇచ్చినవి. మిగిలినవి ఊళ్లలోని ఇళ్లు. ఇంతకాలం యుబిక్విటీ ఎం సిరీస్ పాత రేడియోలతో నెట్టుకొచ్చాను గాని, సాయంత్రం ఏడు దాటితే సిగ్నల్ బాగానే చూపిస్తూ వేగం పడిపోతోంది కనుక ఈ వేసవిలో మార్చక తప్పదు. ఒక డీలరు జీపీఎస్ సింక్ (టవరు మీది రేడియోలన్నిటినీ ఒకే గడియారానికి కట్టే ఏర్పాటు) ఉన్న కేంబియం ఈపీఎంపీ 3000 తప్ప మరొకటి చూడవద్దంటున్నారు. ఇంకొకరు యుబిక్విటీ వారి మామూలు ఎయిర్‌మ్యాక్స్ ఏసీ చాలని, నా స్థాయికి సింక్ ఆడంబరమని అంటున్నారు. ఇద్దరూ అమ్మేవాళ్లే కాబట్టి, వాడినవాళ్ల మాట వినాలని ఉంది.

నిడదవోలు ఆపరేటరు

మొదటి డీలరు చెప్పిందే సరైనదని నా అభిప్రాయం. సిగ్నల్ ఉండి వేగం పడిపోతోందంటే రేడియోలకు బలం చాలక కాదు, చుట్టూ ఉన్న రొదలో అవతలి మాట వాటికి వినిపించక. ఆ రొదలో కొంత మీ టవరు తనకు తాను చేసుకున్నదే. ఒక సెక్టారు (టవరు మీద ఒక్కో దిక్కును చూసే రేడియో, యాంటెన్నా) నాలుగు కిలోమీటర్ల అవతలి కస్టమరు నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని వింటున్న క్షణంలోనే, రెండడుగుల పక్కనున్న మరో సెక్టారు పూర్తి బలంతో పంపుతుంటే మొదటిదానికి ఏమీ వినపడదు. జీపీఎస్ గడియారాన్ని పట్టుకుని అన్నీ ఒకేసారి పంపి, ఒకేసారి వింటే ఆ బాధ పోతుంది. వెన్నుకు వెన్ను పెట్టిన సెక్టార్లకు ఒకే ఛానెల్ ఇచ్చి, నాలుగు సెక్టార్ల టవరును రెండే ఛానెళ్లతో నడపవచ్చు.

2018 అక్టోబరు ప్రభుత్వ ప్రకటనతో, మన రేడియోలు వాడే 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్సు లేకుండా వాడుకునే వీలు వచ్చిన మాట నిజమే గాని, అదేమీ మన ఒక్కరికే రాసిచ్చిన మాన్యం కాదు. జియో ఎయిర్‌ఫైబర్ కనెక్షన్లలో కొన్ని 5జీ మీద కాక, లైసెన్సు అక్కర్లేని బ్యాండు రేడియోల మీదే నడుస్తున్నాయి. అవి మీ ఊళ్లో ఇంకా రాకపోయినా వస్తాయనే లెక్క వేసుకోండి.

లంక రేడియో

నిడదవోలు వారి వివరణలో తప్పు లేదు. అయితే సింక్‌కు ఒక షరతు ఉంది, అది డీలర్ల నోట రాదు. అన్ని సెక్టార్లూ ఒకేసారి పంపి ఒకేసారి వినాలంటే, డౌన్‌లోడ్‌కు ఎంత సమయం, అప్‌లోడ్‌కు ఎంత అన్న వాటా అన్నిటికీ ఒకటే ఉండాలి, అది ముందుగానే బిగించాలి. ఇళ్లకు 75/25 చక్కగా సరిపోతుంది. కానీ చెరువు షెడ్డు పగలూ రాత్రీ పైకి పంపడమే పనిగా పెట్టుకున్న కస్టమరు. ఒక్కో కెమెరా 2 మెగాబిట్లు పంపితే నాలుగు కెమెరాల షెడ్డు నుంచి 8 వస్తాయి. సెక్టారు మీద ఇరవై షెడ్లుంటే 160. పాతిక శాతం సమయంలో అది ఇరుకే. పోనీ 50/50 చేస్తే, రాత్రి సినిమా వేళకు ఇళ్లవాళ్ల ఫోన్లు మొదలవుతాయి. సింక్ లేకుండా నడిపే సెక్టారు అవసరాన్ని బట్టి ఆ వాటాను అటూ ఇటూ జరుపుకోగలదు.

ఛానెళ్ల కరువునూ లెక్క వేసి చూద్దాం. 40 మెగాహెర్ట్జ్ చొప్పున 5150–5350లో ఐదు, 5470–5725లో ఆరు, 5725–5875లో మూడు, మొత్తం పద్నాలుగు వస్తాయి. అన్నిటిలో ఒకే బలంతో పంపే అనుమతి లేదు, నిజమే. అయినా మూడు టవర్లకు కలిపి పన్నెండు సెక్టార్లున్నవారికి ఇది కరువు కాదు. పక్కలకూ వెనక్కూ చిందించని హార్న్ యాంటెన్నాలు పెట్టుకుంటే సొంత రొద చాలావరకు తగ్గుతుంది.

మిగిలిన డబ్బు టవరు ఎత్తు మీద పెట్టండి. 5.8 గిగాహెర్ట్జ్‌లో 5 కిలోమీటర్ల లింకుకు నడిమధ్యన ఫ్రెనెల్ వలయం (సంకేతం సాఫీగా సాగడానికి చూపు గీత చుట్టూ కావలసిన జాగా) వ్యాసార్థం దాదాపు 8 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే సుమారు 5 మీటర్లు, కొబ్బరి తలల పైన ఖాళీగా ఉండాలి. చెట్లు ఏటా పెరుగుతాయి, టవరు పెరగదు. మీ జిల్లాలోనే బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ పేరుతో పల్లెలను దూరపు వైఫై లింకులతో కలిపిన రోజుల్లో కూడా, రేడియోల కంటే టవర్లకే ఎక్కువ ఖర్చని దాన్ని పరిశీలించిన ఐఐటీ పరిశోధకులు రాశారు.

దస్త్రాల మనిషి

ఏది కొన్నా రెండు కాగితాలు ముందు అడగండి. ఆ మోడలుకు కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం వారి ఈటీఏ, అంటే పరికరం రకానికి ఇచ్చే ఆమోదం, ఉందా అన్నది ఒకటి. 15 జూన్ 2021 నుంచి అమల్లోకి వచ్చిన జాతీయ భద్రతా ఆదేశం ప్రకారం, లైసెన్సుదారు నెట్‌వర్కులో కొత్తగా కలిపే పరికరం నమ్మకమైన మూలం నుంచి వచ్చినదై ఉండాలి. అందుకు ఆమోదం ఉందా అన్నది రెండోది. చిన్న ఐఎస్పీలకు (ఇంటర్నెట్ ఇచ్చే మనలాంటి సంస్థలకు) ఇది వర్తించదని నాకొక డీలరు నమ్మబలికారు. నమ్మి కొన్నాను, ఆ పెట్టెలు ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి.

నిడదవోలు ఆపరేటరు

అప్‌లోడ్ వాటా గురించి లంక రేడియో గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. చెరువులకు వేరే సెక్టార్లు పెట్టి వాటిని సింక్ నుంచి తప్పిస్తే సరి. హార్న్ మాట మాత్రం ఒప్పుకోలేను. హార్న్ మీ రొదను తగ్గిస్తుంది, ఛానెల్‌ను ఖాళీ చేయదు. ఈ పద్నాలుగులో సగం పొరుగువాళ్లు ఆక్రమించిన రోజున పన్నెండు సెక్టార్లను ఎక్కడ సర్దుతారు?

లంక రేడియో

ఆ రోజు వస్తే ఆ రోజు కొనవచ్చు. ఇవాళ అసలు బరువు టవరు మీద లేదు, 180 ఇళ్ల, షెడ్ల కప్పుల మీద ఉంది. ఈ కంపెనీల పద్ధతులు ఒకదానితో ఒకటి కలవవు. సెక్టారు కంపెనీ మారిస్తే దాని కింద ఉన్న రేడియోలన్నీ మారాలి. పాత యుబిక్విటీ రేడియోల్లో తన సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునే ‘ఎలివేట్’ దారిని కేంబియం చూపితే, యుబిక్విటీ 2018లో కోర్టుకెక్కింది. ఆ దారిని నమ్ముకుని ఇప్పుడు పెట్టుబడి లెక్క కట్టవద్దని నా సలహా. మిశ్రమ పద్ధతి ఉన్న ఎయిర్‌మ్యాక్స్ ఏసీ సెక్టారు ఎం సిరీస్ కస్టమర్లను కూడా మోస్తుంది కనుక, నెలకు పదిహేను చొప్పున తీరిగ్గా మార్చుకోవచ్చు.

ఇంకొకటి: షెడ్ల దగ్గర రేడియోను గెడ మీద మరీ ఎత్తున కట్టారేమో చూడండి. చెరువు నీరు అద్దంలా సంకేతాన్ని పైకి కొడుతుంది, నేరుగా వచ్చినదీ అదీ కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. రేడియోను కాస్త దించి, గట్టు ఆ ప్రతిబింబానికి అడ్డుపడేలా కడితే కొన్ని చోట్ల కొత్త రేడియో అవసరమే రాలేదు.

చెరువుగట్టు

అందరికీ కృతజ్ఞతలు. రేపు ఉదయం నాలుగు షెడ్ల దగ్గర గెడలు దింపి చూస్తాను. సెక్టార్లు తేల్చే ముందు రొద సొంతదో పొరుగుదో తెలియాలి కదా, అందుకు టవరు మీద రాత్రి ఎనిమిదికే స్కాన్ చేయాలి. నా పాత రేడియోతోనే చేస్తే ఆ సెక్టారు కింద ఉన్నవాళ్లంతా తెగిపోతారు. తాడేపల్లిగూడెం, పాలకొల్లు వైపు ఎవరి దగ్గరైనా ఖాళీగా ఉన్న ఏసీ రేడియో ఒకటి మూడు రాత్రులకు ఇవ్వగలరా? వచ్చి తీసుకెళ్తాను.