ఆగస్టులో కెన్యా సఫారీ, అమ్మానాన్నలతో మొదటిసారి. ఏమేం సిద్ధం చేసుకోవాలి?

హన్మకొండ_సుధ:

అందరికీ నమస్కారం. ఆగస్టు రెండో వారంలో కెన్యా సఫారీకి వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆయన, 8 ఏళ్ళ బాబు, అమ్మ, నాన్న. నాన్నకి 66, బీపీ మాత్రలు వాడతారు, నడక బాగానే ఉంది. అమ్మకి 61, పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ఏజెంటు ఇచ్చిన ప్లాన్‌లో నైరోబీ నుంచి అంబోసెలి, అక్కణ్ణించి నైవాషా, నకురు, చివర మసాయి మారా, మొత్తం 6 రాత్రులు, అంతా రోడ్డు మీదే. మేమింతవరకు చూసిన అడవంటే తాడోబా ఒక్కటే, అదీ ఎండాకాలంలో.

నా సందేహాలు ఇవి. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి అని ఒకరు, అక్కర్లేదని ఇంకొకరు అంటున్నారు, ఏది నిజం? బట్టలు ఎలాంటివి తీసుకెళ్ళాలి? అమ్మకి తిండి దొరుకుతుందా, పచ్చళ్ళు, పొడులు తీసుకెళ్ళొచ్చా? రోజంతా జీపులో ఉంటే ఆడవాళ్ళకి బాత్రూమ్ సంగతేంటి? అసలు పెద్దవాళ్ళు ఈ ప్రయాణం తట్టుకుంటారా? వాళ్ళ పెళ్ళయి 40 ఏళ్ళు నిండిన సందర్భంగా తీసుకెళ్తున్నాం, ఇద్దరూ హాయిగా చూడాలన్నదే నా కోరిక. వెళ్ళొచ్చినవాళ్ళు వివరంగా చెప్పండి ప్లీజ్.

తెల్లకోటు_విజయవాడ:

సుధ గారూ, టికెట్లు ఇంకా కొనకపోతే ముందు టీకా సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ దాని తర్వాతే. కెన్యాలో దిగేటప్పుడు ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్ళని ఆ టీకా సర్టిఫికెట్ అడగకపోవచ్చు, అందుకే కొందరు అక్కర్లేదంటారు. కానీ మన దేశం అడుగుతుంది. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో కెన్యా ఉంది, అక్కణ్ణించి బయల్దేరిన 6 రోజుల్లోపు ఇండియాలో దిగేవాళ్ళ దగ్గర సర్టిఫికెట్ లేకపోతే ఎయిర్‌పోర్టు నుంచే క్వారంటైన్‌కి పంపే అధికారం మన హెల్త్ ఆఫీసర్లకి ఉంది. ఇథియోపియా కూడా ఆ జాబితాలోదే, ఆడిస్ అబాబాలో విమానం మారినవాళ్ళనీ సర్టిఫికెట్ అడగొచ్చు.

టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది, 2016 నుంచి అదే నియమం. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఏ రోజుల్లో వేస్తున్నారో ముందు కనుక్కుని, పాస్‌పోర్టు పట్టుకుని వెళ్ళండి. సర్టిఫికెట్‌గా ఇచ్చే పసుపు రంగు పుస్తకంలో రాసే పేరు, పాస్‌పోర్టు నంబరు అక్కడే నిలబడి అక్షరం అక్షరం సరిచూసుకోండి.

ఇప్పుడు అమ్మానాన్నల సంగతి. 60 దాటినవాళ్ళు ఈ టీకా మొదటిసారి వేయించుకుంటే తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. చాలా అరుదే, కానీ ఉంది. బీపీ ఉన్నంత మాత్రాన టీకా వద్దని కాదు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నా, ఛాతీలో ఉండే థైమస్ గ్రంథికి జబ్బు ఉన్నా, క్యాన్సర్ చికిత్సలో ఉన్నా వేయకూడదు. కాబట్టి ఇద్దరి పాత రిపోర్టులు, వాడే మందుల చీటీ తీసుకుని మీ డాక్టర్‌కి చూపించి అడగండి. ఇంకో మాట, ఈ టీకా కోడిగుడ్ల పిండాల్లో తయారవుతుంది. అమ్మ గుడ్డు తినకపోవడం వేరు, గుడ్డు పడకపోవడం వేరు. చిన్నప్పటినుంచీ ముట్టనివాళ్ళకి అది పడుతుందో లేదో కూడా తెలియదు కదా, ఆ విషయం టీకా వేసేచోట తప్పకుండా చెప్పండి.

డాక్టర్ వద్దంటే మొండిగా వేయించొద్దు, దేశం మార్చుకోండి. దక్షిణాఫ్రికా ఆ జాబితాలో లేదు. అక్కడి పిలానెస్‌బర్గ్, మడిక్వే రిజర్వుల్లో మలేరియా కూడా లేదు, సింహాలు, ఏనుగులు, ఖడ్గమృగాలు అన్నీ ఉంటాయి. ఆగస్టు వాళ్ళకి పొడి చలికాలం, గడ్డి పలచబడి జంతువులు బాగా కనిపిస్తాయి. వీసా మాత్రం ముందుగా తీసుకోవాలి, దారిలో నైరోబీ, ఆడిస్ తగలకుండా చూసుకోవాలి.

కెన్యాయే ఖాయమైతే మలేరియా మందు సంగతి కూడా అడగండి. అటోవక్వోన్-ప్రోగ్వానిల్ అయితే వెళ్ళడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక ఇంకో 7 రోజులు వాడాలి. డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక 4 వారాలు, పైగా ఎండకి చర్మం కందుతుంది, 8 ఏళ్ళ పిల్లాడికి సాధారణంగా మొదటిదే చూస్తారు. ఇంటికొచ్చి హాయిగా ఉన్నాం కదా అని మధ్యలో ఆపేయొద్దు. వచ్చిన కొన్ని వారాలకి జ్వరం వచ్చినా ఆఫ్రికా వెళ్ళొచ్చామని డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పండి.

నైరోబీ_తెలుగింటి:

మేడమ్, నేను ఇక్కడే ఉంటాను, చుట్టాలు వస్తే సఫారీకి తీసుకెళ్ళేది నేనే. మీ ప్లాన్ చూశాను. పెద్దవాళ్ళతో ఇది వద్దండి, నిజంగా వద్దు. అంబోసెలి నుంచి నైవాషా దాకా ఒక పగలంతా రోడ్డు మీదే పోతుంది, మళ్ళీ నకురు నుంచి మారాకి ఐదారు గంటలు. 6 రాత్రుల్లో మూడు నాలుగు పగళ్ళు సీట్లో కూర్చునే అయిపోతే ఇక జంతువుల్ని చూసేదెప్పుడు? అంబోసెలి ఎంత బాగుంటుందో నాకు తెలుసు, కిలిమంజారో కింద ఏనుగుల గుంపులు చూస్తుంటే మాట రాదు. అయినా ఈసారికి అది వదిలేయండి. నైవాషాలో ఒకటి రెండు రాత్రులు (అక్కణ్ణించే పొద్దున నకురు వెళ్ళి ఖడ్గమృగాల్ని చూసి రావచ్చు), మిగతా రాత్రులన్నీ మారాలోనే ఉండండి. ఒకే చోట ఉంటే అమ్మానాన్నలు ఒక పూట డ్రైవ్ మానేసి పడుకున్నా నష్టమేమీ అనిపించదు. డబ్బుకి వెనకాడకపోతే నైరోబీ విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి మారాకి చిన్న విమానం ఉంది, ముప్పావు గంట. దానికి సామాను మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగుల్లో. చక్రాల గట్టి సూట్‌కేసు ఆ విమానం డిక్కీలో పట్టదు.

ఏజెంట్‌ని ఒకటి సూటిగా అడగండి: పార్క్ ఫీజు ప్యాకేజీలో ఉందా, ఎన్ని రోజులకి ఉంది? మసాయి మారా టికెట్ విదేశీ పెద్దవాళ్ళకి జూలై నుంచి డిసెంబర్ దాకా రోజుకి 200 డాలర్లు, జనవరి నుంచి జూన్ దాకా 100. ఇది 2024 నుంచి వచ్చిన మార్పు. పైగా టికెట్ పొద్దున 6 నుంచి సాయంత్రం 6 వరకే. నలుగురు పెద్దవాళ్ళు అంటే లెక్క మీరే వేసుకోండి. తక్కువ రేటు కొటేషన్లలో చాలాసార్లు తేడా ఇక్కడే ఉంటుంది. బండి కూడా అడగండి, పైకప్పు లేచే ల్యాండ్ క్రూయిజరా, మినీ వ్యానా అని. రెంటికీ కప్పు లేస్తుంది, కానీ గతుకుల్లో నాన్నగారి నడుముకి ల్యాండ్ క్రూయిజరే మేలు. మీ ఐదుగురికే బండి అని రాయించుకోండి.

వీసా బదులు ఇప్పుడు ఈటీఏ (ఆన్‌లైన్‌లో ముందే తీసుకునే ప్రయాణ అనుమతి) అని ఉంది, 2024 జనవరి నుంచి. పసిపిల్లలతో సహా ప్రతి ఒక్కరికీ విడిగా అప్లై చేయాలి. గూగుల్‌లో వెతికితే అచ్చం ప్రభుత్వ సైటులాగే ఉండి రెట్టింపు వసూలు చేసేవి బోలెడు వస్తాయి, అడ్రసు చివర డాట్ జీవో డాట్ కేఈ ఉందో లేదో చూసుకోండి.

తిండికి అస్సలు టెన్షన్ పడకండి. ఇక్కడ మనవాళ్ళు తరతరాలుగా ఉన్నారు, 2017లో ఏషియన్లని దేశంలో 44వ తెగగా ప్రభుత్వమే గుర్తించింది. చపాతీ, సమోసా, చాయ్ ఇక్కడివాళ్ళ రోజువారీ తిండి. క్యాంపుల్లో (డేరాల హోటళ్ళలో) ముందే చెప్తే పప్పు, కూర, అన్నం చేసిపెడతారు. గుడ్డు కూడా వద్దని విడిగా రాయించండి, వాళ్ళ దృష్టిలో వెజిటేరియన్ అంటే గుడ్డు తింటారనే. అమ్మగారికి కందిపొడి, ఉసిరి పచ్చడి తెచ్చుకోండి, ఎవరూ కాదనరు, చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. తాజా పళ్ళు, విత్తనాలు మాత్రం వద్దు.

కానీ ఒక ముఖ్యమైన మాట: ప్లాస్టిక్ కవర్లు తేవద్దు. కెన్యాలో 2017 నుంచి క్యారీ బ్యాగులు నిషేధం, 2020 నుంచి నేషనల్ పార్కుల్లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు, స్ట్రాలు కూడా వద్దన్నారు. మనకి ప్రతిదీ కవర్లో చుట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టడం అలవాటు కదా. చెప్పులకి గుడ్డ సంచి, పచ్చడికి బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బా, మనిషికో స్టీలు నీళ్ళ సీసా. డ్యూటీ ఫ్రీ కవరు ఉన్నా దిగేముందు విమానంలోనే వదిలేయండి.

సీతమ్మధార_లక్ష్మి:

బాత్రూమ్ సంగతి నేను చెప్తానమ్మా, అడగడానికి మొహమాటపడేది, అందరికీ కావాల్సింది అదే. పార్క్ గేట్ల దగ్గర, పిక్నిక్ స్థలాల దగ్గర టాయిలెట్లు ఉంటాయి. మధ్యలో అవసరమైతే డ్రైవర్‌కి చెప్పండి, సిగ్గుపడక్కర్లేదు, రోజూ అందరూ చెప్పేదే. అతను చుట్టూ చూసి, పొదలు లేని బయలు చోటు చూసుకుని ఆపుతాడు, బండి వెనక పక్కన కానిచ్చుకుని వచ్చేయాలి. అతను దిగమనకుండా మాత్రం ఎవరూ కాలు కింద పెట్టకూడదు. కాగితం అక్కడ పడేయకుండా చిన్న గుడ్డ సంచిలో వేసుకోండి. చీర కట్టుకునే అత్తయ్యలకి ఆ కొన్ని రోజులు వదులైన చుడీదారే సుఖం, జీపు మెట్టు ఎత్తుగా ఉంటుంది. అమ్మగారు బాత్రూమ్ భయంతో నీళ్ళు తాగడం మానేస్తారు, మా అత్తగారూ అంతే. అది గమనిస్తూ ఉండండి, ఎండ తెలియకుండానే తలనొప్పి పట్టుకుంటుంది.

బట్టల విషయంలో తాడోబా ఎండని మర్చిపోండి. మారా సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంటుంది, ఆగస్టు పొద్దున కప్పు తెరిచిన బండిలో గాలి కొడుతుంటే పళ్ళు టకటకలాడతాయి. స్వెటర్, దాని మీద గాలి ఆపే జాకెట్, చెవులకి మంకీ క్యాప్, నాన్నగారికి మఫ్లర్. పదింటికల్లా అవన్నీ ఒక్కొక్కటే విప్పేసి పల్చటి పొడుగు చేతుల చొక్కాలో ఉంటారు. రాత్రి చాలా క్యాంపుల్లో పరుపులో దుప్పటి కింద వేడినీళ్ళ సంచి పెట్టి వెళ్తారు, కాళ్ళకి మెత్తగా ఏదో తగిలిందని అమ్మగారు ఉలిక్కిపడకుండా ముందే చెప్పండి! ముదురు నీలం, నలుపు రంగులు వద్దు, కుట్టే సెట్సీ ఈగలు వాటికే వస్తాయి. మిలిటరీ మచ్చల బట్టలు బాబుకి కూడా వద్దు. ఖాకీ, గోధుమ, ఆకుపచ్చ చాలు. అందుకోసం కొత్తవి కొననక్కర్లేదు, ఇంట్లో ఉన్న పాత కాటన్వే నయం, ఎందుకంటే ఆ దుమ్ము జిప్పు పళ్ళ మధ్యకి, ముక్కులోకి, బ్యాగు కుట్లలోకి వెళ్ళిపోతుంది, ఉతికినా ఒక పట్టాన వదలదు. ముక్కుకి కట్టుకోవడానికి తువ్వాలు లాంటి పల్చటి గుడ్డ మనిషికొకటి ఉండాలి.

కంచె లేని క్యాంపు అయితే చీకటి పడ్డాక డేరా నుంచి భోజనానికి కూడా కాపలా మనిషి వచ్చి తీసుకెళ్తాడు. ఒంటరిగా బయటికి రాకూడదు. డేరాలో బిస్కెట్లు విప్పి పెట్టొద్దు, జిప్పు పూర్తిగా వేయండి, కోతులు, బబూన్లు క్షణంలో దూరిపోతాయి.

లెన్స్_కర్నూలు:

ఫోన్ ఒక్కటే అయితే ఫోటోల మీద ఆశ తగ్గించుకుని మంచి బైనాక్యులర్లు కొనండి అక్కా. 8x42 సైజు సరిపోతుంది. ఇంటికొకటి కాదు, కనీసం రెండు ఉండాలి, లేకపోతే చిరుత చెట్టు మీద ఉన్నప్పుడు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కోవడమే అవుతుంది. బాబుకి చిన్నది విడిగా ఇవ్వండి, ఇప్పట్నుంచే డాబా మీద పిట్టల్ని చూపిస్తూ వాడటం నేర్పండి, అక్కడికెళ్ళాక ఫోకస్ నేర్పే టైం ఉండదు. కెమెరా ఎవరిదైనా తెస్తే 100-400 లెన్స్, దాన్ని ఆనించడానికి ఖాళీ గుడ్డ సంచి. అక్కడ బియ్యమో బీన్సో నింపుకుంటే చాలు, బండిలో ట్రైపాడ్ పెట్టే చోటుండదు. బండి కదులుతుండగా లెన్స్ మార్చొద్దు. డ్రోన్ అసలు పెట్టుకోవద్దు, అనుమతి లేకపోతే ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. ప్లగ్గు బ్రిటన్ రకం, మూడు చదరపు పిన్నులది. కొన్ని క్యాంపుల్లో కరెంటు కొన్ని గంటలే ఉంటుంది కాబట్టి పవర్ బ్యాంకు ఉండాలి, విమానంలో అది చేతి సామానులోనే.

ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఆగస్టులో మారా నది దాటే విల్డెబీస్టుల (గుంపులుగా తిరిగే పెద్ద జింకజాతి జంతువుల) కోసం వెళ్తారు కదా, అవి గట్టు దాకా వేలకొద్దీ వస్తాయి, ముందున్నది నీళ్ళ వాసన చూస్తుంది, వెనకవి తోస్తాయి, అంతలో ఎందుకో మొత్తం గుంపు వెనక్కి తిరిగిపోతుంది. మళ్ళీ గంటకి వస్తాయి. దాటొచ్చు, దాటకపోవచ్చు. అందుకే ఒక రోజంతా నది దగ్గరే ఉండేలా ప్లాన్ చేసుకోండి, మధ్యాహ్నం భోజనం డబ్బాలు కట్టించుకోండి. దగ్గరికి పోనివ్వమని డ్రైవర్ మీద ఒత్తిడి పెట్టొద్దు, డబ్బు ఎక్కువిస్తామని అసలే అనొద్దు. గట్టు మీద బళ్ళు అడ్డం పడితే జంతువులు దాటే దారే మూసుకుపోతుంది. వెనక ఉండి చూపించే డ్రైవర్ దొరికితే అతనే మంచి డ్రైవర్.

హన్మకొండ_సుధ:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. అంబోసెలి తీసేసి మారాలో రాత్రులు పెంచమని ఏజెంట్‌కి చెప్పేశాను. అమ్మానాన్నల రిపోర్టులు పట్టుకుని సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం, ఆయన సరే అన్నాకే టికెట్లు. డబ్బు గురించి ఒక్కటి: డాలర్లు తీసుకెళ్ళాలా, కార్డు చాలా? టిప్పులు ఎంత?

నైరోబీ_తెలుగింటి:

రెండూ ఉంచుకోండి. పార్క్ ఫీజులు ఆన్‌లైన్‌లోనో కార్డుతోనో ఏజెంటే కట్టేస్తాడు, గేటు దగ్గర నోట్లు లెక్కపెట్టే పని మీకుండదు. డాలర్ నోట్లు కొత్తవే తీసుకోండి, బాగా పాతవి, చిరుగులు, గీతలు ఉన్నవి ఇక్కడ బ్యాంకులూ హోటళ్ళూ తిప్పి పంపేస్తాయి. 5, 10 డాలర్ల చిల్లర ఎక్కువ ఉండాలి. డ్రైవర్-గైడ్‌కి మీ కుటుంబం మొత్తం మీద రోజుకి 20 నుంచి 30 డాలర్ల మధ్య ఇస్తే గౌరవంగా ఉంటుంది, చివరి రోజు కాగితం కవర్లో పెట్టి నాన్నగారి చేత ఇప్పించండి. క్యాంపులో వంటవాళ్ళకి, గదులు చూసేవాళ్ళకి ఆఫీసు దగ్గర డబ్బా ఉంటుంది. చిన్న కొనుగోళ్ళకి కెన్యా షిల్లింగులు నైరోబీలో మార్చుకోండి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు నాన్నగారి బీపీ దాచకుండా రాయండి, విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు అందులో ఉందో లేదో చదవండి. మారా నుంచి పెద్దాసుపత్రి అంటే నైరోబీయే. ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ అని ఎయిర్ అంబులెన్సు సేవ ఉంది, మీ క్యాంపు వాళ్ళకి దానితో ఏర్పాటు ఉందేమో అడగండి. బీపీ మాత్రలు రెండు చోట్ల పెట్టండి, సగం చేతి సంచిలో, సగం పెద్ద బ్యాగులో, మందుల చీటీతో సహా. డాక్టర్ ఏమన్నారో సోమవారం ఇక్కడే రాయండి, టీకా కుదరదంటే దక్షిణాఫ్రికా వెళ్ళొచ్చినవాళ్ళు కూడా ఈ గ్రూపులో ఉన్నారు, వాళ్ళని పిలుస్తాను.